కుడి నుంచి రాసే చేతికి ఫోనులో జాగ కావాలె

(‘మన భాషలు – మన చేతిలోని ఫోను’ అనే అంశం మీద విద్యార్థులు, ఉద్యోగులు కలిసి పెట్టుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల నేను మాట్లాడబోయేది కుడి నుంచి ఎడమకు రాసే భాషల ముచ్చట. అరబ్బీ, ఉర్దూ, ఫార్సీ, హీబ్రూ లాంటి భాషలు స్మార్ట్‌ఫోన్లకు ఎట్ల వచ్చినయి, రావడానికి ఎందుకంత ఆలస్యమైంది, ఇంకా ఎక్కడ అడ్డం పడుతున్నది అనేది చెప్త. ‘మనం తెలుగోళ్లం, మనకెందుకు ఈ లొల్లి’ అని ఎవరికన్న అనిపిస్తే కొంచెం ఓపిక పట్టండి. ముందుగాల మా ఇంటి సంగతి ఒకటి చెప్త.

మా మేనబావ ఒకాయన అప్పటి కరీంనగర్ జిల్లా నుంచి గల్ఫుకు పోయిండు. 2010 చివర్ల అక్కడ ఒక టచ్ ఫోను కొన్నడు. ఇంటికి ఫోను చేసి, “తమ్మీ, ఇగ నా చేతిల కంప్యూటరే ఉన్నది” అని సంబురంగ చెప్పిండు. రెండు నెలలైనంక మళ్ల ఫోను చేసిండు. “గీ ఫోన్ల అన్నీ ఖాళీ డబ్బాలే కనవడుతున్నయిరా” అన్నడు. పని చేసే కాడి నుంచి అరబ్బీలో ఒక మెసేజ్ వచ్చింది. ఫోనులో అరబ్బీ అక్షరాలు లేవు. ఒక్కో అక్షరానికి ఒక్కో చతురస్రపు గడి. నడుమ నడుమ అంకెలు. గదిలో ఉండే ఈజిప్టు దోస్తుకు చూపిస్తే ఆయన నవ్వి, ఆ మెసేజ్ తన పాత బటన్ల ఫోనుకు పంపియ్యమన్నడట. ఆ బటన్ల ఫోనులో అక్షరాలన్నీ చక్కగ వచ్చినయి. సంగతేందంటే, అకామా కాయితాలు ఫలానా తారీఖులోపల తెచ్చి ఇయ్యాలె అని. ఆ తారీఖుకు ఇంక రెండే రోజులున్నది. అకామా ముదిరితే గల్ఫులో మనిషి గతేమైతదో ఇక్కడ కూసున్న చాలామంది ఇండ్లల్ల ఎరుకే. దోస్తు లేకుంటే, ఆ పాత ఫోను లేకుంటే బావ ఆగమైపోయేటోడు.

ఆనాటి నుంచి నా మెదడుల ఒక ప్రశ్న ఉండిపోయింది. వెయ్యి రూపాయల బటన్ల ఫోను చదివిన అరబ్బీని, వేల రూపాయల టచ్ ఫోను ఎందుకు చదవలేకపోయింది? ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంట పోతే అది అరబ్బీ దగ్గర ఆగలేదు. హైదరాబాదు ఉర్దూ దాకా వచ్చింది. చివరికి తెలుగు దాకా వచ్చింది.

రాత ఎట్ల నడుస్తది?

మొదట అరబ్బీ రాతలోని కిటుకు తెలవాలె. చాలామంది అనుకునేది, ఎడమ నుంచి రాసేదాన్ని కుడి నుంచి రాస్తే సరిపాయె గదా అని. అంత అల్క కాదు. ఇందులో మూడు చిక్కులున్నయి.

మొదటిది, అక్షరాల కలయిక. అరబ్బీలో 28 అక్షరాలు. ఇంగ్లీషులో లెక్క విడివిడిగ అచ్చువేసే పద్ధతి లేదు. పక్క అక్షరంతోని చేతులు కలుపుకొని నడుస్తయి. ఒకే అక్షరం ఒంటరిగ ఉంటే ఒక తీరు, పదం మొదట్ల ఉంటే ఒక తీరు, నడుమ ఉంటే ఒక తీరు, చివర ఉంటే ఇంకో తీరు ఉంటది. ‘ఏ అక్షరం పక్కన ఏది ఉన్నది’ అని చూసుకొని రూపం ఎంచుకునే తెలివి ఫోనుకు ఉండాలె. ఆ తెలివి లేకుంటే అక్షరాలు తెగిపోయిన పూసల లెక్క విడివిడిగ పడుతయి. చదువుకున్న అరబ్బు మనిషి కూడ కూడబలుక్కొని చదవాల్సి వస్తది.

రెండోది, అంకెలు. అరబ్బీ వాక్యం కుడి నుంచి ఎడమకు నడుస్తది గాని, దాంట్లోని అంకెలు ఎడమ నుంచి కుడికే చదువుతరు. అంటే ఒకే వరుసలో రెండు దిక్కుల ప్రయాణం. నడుమ ఒక ఇంగ్లీషు పేరు వచ్చిందనుకోండి, అది మళ్ల ఎడమ నుంచి కుడికి. ఒకే సడక్ మీద ఎదురెదురు బండ్లు గుద్దుకోకుంట నడిపించాలె. దీనికి యూనికోడ్ ప్రమాణంలో ఒక పెద్ద నియమావళే ఉన్నది. రెండు దిక్కుల రాతను వరుసపెట్టే సూత్రం అని దాన్ని అనుకోవచ్చు. ఆ సూత్రాన్ని పాటించినా సరే, జాగ్రత్త లేకుంటే తప్పు జరుగుతది. ఉదాహరణకు, సౌదీ ఫోను నంబరును దేశం కోడుతోని, నడుమ ఖాళీలు ఇడిసిపెట్టి అరబ్బీ వాక్యంలో రాసిండ్రనుకోండి. వరుస నిర్ణయించే గుర్తు ఏదీ పెట్టకుంటే, నంబరు ముక్కలు తలకిందులైతయి. చివరి ముక్క ఎడమ దిక్కుకు పోతది, +966 కాస్త 966+ అయి కుడి కొసకు పోతది. ఎడమ నుంచి చదివి ఆ నంబరుకు ఫోను చేస్తే అది పోదు. పోయినా ఇంకెవలికో పోతది.

మూడోది, తెర మొత్తం. రాత కుడి నుంచి నడిస్తే కన్ను కూడ కుడి నుంచే మొదలుపెడుతది. పుస్తకం మన చివరి అట్ట దిక్కు నుంచి తెరుస్తరు. అట్లాంటప్పుడు ఫోనులో ‘వెనక్కి’ అనే బాణం ఎడమకు చూపిస్తే ఆ మనిషికి అది ‘ముందుకు’ అన్నట్టే. మెనూ ఉండే మూల, బొమ్మ పక్కన పేరు, వేలుతోని జరిపే దిక్కు అన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడాలె. అట్లని అన్నీ తిప్పితే కూడ తప్పే. గడియారం ముల్లు అరబ్బు దేశంలోనైనా మన తీరుగనే తిరుగుతది. పాట నడిపించే గుర్తును తిప్పకూడదు. ఫోను నంబర్ల పలక తిప్పకూడదు. ఏది తిప్పాలె, ఏది తిప్పకూడదు అనే సోయి ఆ భాష వాడే మనిషిని కూసోబెట్టుకొని అడిగితేనే వస్తది.

బటన్ల ఫోనుకు వచ్చింది, టచ్ ఫోనుకు రాలేదు

ఇప్పుడు మా బావ ఫోను కాడికి వద్దాం. 2000 తర్వాతి ఏండ్లల్లనే నోకియా లాంటి కంపెనీల బటన్ల ఫోన్లు అరబ్బీ, హీబ్రూ చూపెట్టేవి. ఎందుకంటే ఆ ఫోన్లు గల్ఫులో, ఈజిప్టులో అమ్ముడుపోవాలె. భాష లేకుంటే ఎవరూ కొనరు. ఆ తర్వాత 2007లో ఐఫోను, 2008లో మొదటి ఆండ్రాయిడ్ ఫోను వచ్చినయి. ఇవి అమెరికాలో పుట్టినయి. మొదటి గిరాకీ ఇంగ్లీషు మాట్లాడేటోళ్లే. దాంతోని లోపటి నిర్మాణమంతా ఎడమ నుంచి మొదలయ్యే రాతనే నమ్ముకొని కట్టిండ్రు. ఐఫోనుకు అరబ్బీ, హీబ్రూ కీబోర్డులు 2009లో మూడో విడత సాఫ్ట్‌వేర్‌తోని వచ్చినయి. ఆండ్రాయిడ్ తొలి రూపాల్లో అరబ్బీ అక్షరాలను సరిగ్గ అతికించే ఏర్పాటు లేదు. 2010లో వచ్చిన విండోస్ ఫోను ఐదు ఐరోపా భాషలతోని మొదలైంది, అందులో అరబ్బీ లేదు. 2012లో విండోస్ ఫోను 8 వచ్చినంకనే దానికి జాగ దొరికింది.

అక్షరాలు కనపడుడు ఒక మెట్టు. తెర తిరుగుడు ఇంకో మెట్టు. ఆండ్రాయిడ్‌లో తెర మొత్తం కుడి నుంచి మొదలయ్యే ఏర్పాటు 2012 నవంబరులో 4.2 రూపంతోని వచ్చింది. ఐఫోనులో 2015లో ఐఓఎస్ 9తోని వచ్చింది. అంటే మొదటి ఐఫోను వచ్చిన ఎనిమిదేండ్లకు. కోట్లమంది మాట్లాడే భాష, ఐక్యరాజ్యసమితి ఆరు అధికార భాషల్లో ఒకటి. చమురు డబ్బు ఉన్న దేశాల భాష. దానికే ఎనిమిదేండ్లు పట్టింది. డబ్బు లేని భాషకు ఎన్నేండ్లు పడుతదో లెక్కేసుకోండి.

ఈ లోపల అరబ్బు పోరలు ఊకుండలేదు. ఫోను తమ అక్షరాలు చూపెట్టకుంటే ఇంగ్లీషు అక్షరాలల్లనే అరబ్బీ రాసుడు మొదలుపెట్టిండ్రు. ఇంగ్లీషులో లేని ధ్వనులకు అంకెలు వాడిండ్రు. ‘ఐన్’ అనే అక్షరానికి 3, గొంతులోంచి పలికే ‘హా’కు 7, ‘హంజా’కు 2. ఆ అంకెల ఆకారాలు ఆ అక్షరాలను తలపిస్తయి కాబట్టి. దీన్ని అరబీజీ అంటరు. తెలివైన ఉపాయమే. కాని మనం కూడ ‘ఎట్లున్నవ్’ అనే మాటను ఎన్నేండ్లు ఇంగ్లీషు అక్షరాలల్ల కొట్టుకున్నమో యాది చేసుకోండి. పైసల లెక్క కూడ అదే. ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడితే, అరబ్బీలోనైనా తెలుగులోనైనా 70 మాత్రమే పడుతయి. అమ్మభాషలో రాస్తే ఒక్క ముచ్చటకు రెండు మెసేజుల ఖర్చు. ఈ లెక్కలో అరబ్బు పోరడూ మన పోరడూ ఒకే బెంచి మీద కూసున్నరు.

‘ఎడమ’ అనకు, ‘మొదలు’ అను

విద్యార్థి మిత్రులు, ముఖ్యంగ ఇంజినీరింగు చదివేటోళ్లు, ఇది జెర పట్టి వినాలె. 2012లో ఆండ్రాయిడ్‌లో వచ్చిన మార్పు చూస్తే చిన్నదే. అప్పటిదాక తెర మీద ఒక మాట ఎక్కడుండాలె అని రాసేటప్పుడు ‘ఎడమ నుంచి ఇంత దూరం’, ‘కుడి నుంచి ఇంత దూరం’ అని రాసేటోళ్లు. ఆ మార్పు తర్వాత ‘మొదలు నుంచి ఇంత’, ‘చివర నుంచి ఇంత’ అని రాయొచ్చు. తెలుగు, ఇంగ్లీషు చదివేటోనికి మొదలు అంటే ఎడమ. అరబ్బీ, ఉర్దూ చదివేటోనికి మొదలు అంటే కుడి. ఫోను భాషను బట్టి అదే తేల్చుకుంటది. రాసిన కార్యక్రమం ఒక్కటే, పని చేసేది ఇద్దరికీ.

నాకు ఈ సంగతి తెలిసిన నాడు చాలాసేపు ఆలోచించిన. ‘ఎడమ’ అని రాసిన ఇంజినీరుకు అరబ్బుల మీద పగ లేదు, ఉర్దూ మీద కోపం లేదు. అతనికి తన చెయ్యి నడిచే దిక్కే లోకం దిక్కు అనిపించింది. తన అలవాటునే అందరి నియమం అనుకున్నడు. అంతే. పక్కన పెట్టుడు ఎప్పుడూ కక్షతోనే జరగదు. ఎక్కువసార్లు ఎదుటోడు ఉన్నడన్న సోయి లేక జరుగుతది. పక్కన పడ్డోనికి మాత్రం రెండిటి ఫలితం ఒక్కటే.

మన దగ్గరి ఉర్దూ సంగతి

ఇప్పుడు మన గడపలకు వద్దాం. కుడి నుంచి రాసే భాష మనకు గల్ఫు నుంచి వచ్చింది కాదు, మన ఇంట్లనే ఉన్నది. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైనప్పుడు చదువు చెప్పిన భాష ఉర్దూ. అంతకు ఏడాది ముందే దారుల్ తర్జుమా అని ఒక అనువాద సంస్థ పెట్టి సైన్సు, చట్టం, ఇంజినీరింగు పుస్తకాలు ఉర్దూలోకి తెచ్చిండ్రు. మన భూముల సేత్వార్లు, పాత దస్తావేజులు తీసి చూడండి. తాత పేరు ఉర్దూ అక్షరాలల్ల కనపడుతది. దర్ఖాస్తు, దస్తఖతు, తహసీల్దారు, పహాణీ, జమాబందీ. ఈ మాటలు లేకుంట ఉద్యోగ మిత్రులకు ఒక్క పూట గడవదు. 2017 నవంబరులో శాసనసభ చట్టం చేసి ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగ చేసింది.

చట్టం బాగనే ఉన్నది. అయితే ఉర్దూకు అరబ్బీ కంటె ఇంకో మెట్టు ఎక్కువ ఎక్కాల్సి ఉంటది. అరబ్బీని ఎక్కువగ నస్ఖ్ అనే తీరులో అచ్చువేస్తరు. అది ఒక గీత మీద సాఫుగ నడుస్తది. ఉర్దూ చదివేటోళ్ల కన్ను అలవాటుపడ్డది నస్తాలీఖ్‌కు. నస్తాలీఖ్‌లో పదం పైన కుడి మూల నుంచి మొదలై కిందికి, ఎడమకు జారుతది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి వాలుతయి. పదం పొడుగైనా కొద్దీ ఎత్తు పెరుగుతది. నాలుగు రూపాలతోని పని నడవదు. పక్క అక్షరం మారితే వంపు మారుతది, చుక్క జరుగుతది.

అందుకనే ఉర్దూ పత్రికలు చాన ఏండ్లు కాతిబుల చేతి రాతతోనే వచ్చినయి. కాతిబు వెదురు కలంతోని పేజీ మొత్తం రాస్తడు. ఆ పేజీని అచ్చువేస్తరు. హైదరాబాదు ఛత్తా బజార్లో పెండ్లి పత్రికలు రాసే ఖుష్‌నవీసుల ముందట నిలబడి ఆ చెయ్యి నడిచే తీరు చూసినోళ్లు ఇక్కడ ఉండే ఉంటరు. కంప్యూటరుకు ఈ రాత ఎక్కించింది 1981లో కరాచీకి చెందిన మీర్జా అహ్మద్ జమీల్. అక్షరాలు అతికిస్తే కుదరదని, పదివేలకు పైగా అక్షరాల జతలను ముందే రాయించి, వాటిని కంప్యూటరు ఏరుకునేటట్టు చేసిండ్రు. దాని పేరు నూరీ నస్తాలీఖ్. ‘జంగ్’ పత్రిక దాన్ని మొదట వాడుకున్నది. 1994లో ఢిల్లీ నుంచి ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఉర్దూ పత్రికల దఫ్తర్లు చాలామట్టుకు దాని మీదికి మారినయి.

కాని ఇక్కడొక మడతపేచీ. ఇన్‌పేజ్ తొలి రూపాలు యూనికోడ్‌లో లేవు. అచ్చుకు బాగుంటది, వేరే యంత్రానికి పంపిస్తే అక్షరాలు చెదిరిపోతయి. తెలుగు డీటీపీ చేసిన తమ్ముళ్లకు ఈ బాధ తెలుసు. అను ఫాంట్లలో కొట్టిన మన వ్యాసాలు ఈమెయిల్లో తెరిస్తే పిచ్చి గీతలైతయి గదా, గదే కథ. దాంతోని ఉర్దూ వార్త ఫోనులో చదవాలంటే పేజీని బొమ్మగ పెట్టుడే దారైంది. బొమ్మలో ఉన్న మాటను వెతకలేం. పెద్దగ చేసి చదువుదమంటే మసకైతది. చూపు లేనోళ్లకు ఫోను చదివి వినిపించే సౌలత్ ఉంటది. బొమ్మలోని అక్షరాలను అది మామూలుగ చదవదు. ఒక భాష మొత్తం బొమ్మలల్ల బతుకుడు అంటే అది కంటికి కనపడుతది, లెక్కకు రాదు.

ఈ బాధ మీద మాట్లాడినోళ్లున్నరు. అలీ ఎతెరాజ్ అనే రచయిత 2013లో ఉర్దూ లిపి చచ్చిపోతున్నదని వ్యాసం రాసి, ఫోన్లు నస్తాలీఖ్‌ను పక్కన పెట్టిన తీరును ఎత్తిచూపిండు. అమెరికాలో ఉండే ముదస్సిర్ అజీమీ అనే డిజైనరు 2014లో ఆపిల్ కంపెనీ పెద్ద టిమ్ కుక్‌కు బహిరంగ లేఖ రాసిండు. ఉర్దూను నస్తాలీఖ్‌లో చూపెట్టండి అని. అదే 2014లో గూగుల్ నోటో నస్తాలీఖ్ ఉర్దూ అనే ఫాంటును ఎవరైనా ఉచితంగ వాడుకునేటట్టు విడుదల చేసింది. 2017లో ఐఓఎస్ 11తోని ఐఫోనులో కూడ ఉర్దూకు నస్తాలీఖ్ వచ్చింది. లేఖ రాసిన మనిషి దగ్గర కంపెనీ లేదు, అధికారం లేదు. నా భాష రాత ఇట్లుంటది, నాకు ఇట్లనే కావాలె అని పేరు పెట్టి అడిగిండు. అడిగినోళ్లు ఒక్కరు కాదు, చానమంది. అడుగుడు ఆపలేదు.

మనకేం సంబంధం అంటరా?

ఇప్పుడు మొదట్ల ఇడిసిపెట్టిన ప్రశ్నకు వస్త. తెలుగోళ్లకు ఇందులో ఏమున్నది?

2018 ఫిబ్రవరి యాది చేసుకోండి. తెలుగు అక్షరం వస్తే ఐఫోన్లు ఆగిపోతున్నయని లోకమంతా వార్త వచ్చింది. అది ‘జ్ఞా’ అనే అక్షరం. కంటికి కనపడని ఒక గుర్తుతోని కలిసి ఆ అక్షరం మెసేజులో వస్తే చాలు, ఫోను కుప్పకూలేది. ఐఓఎస్ 11.2.5లో ఉన్న ఈ తప్పును ఆ నెలలోనే 11.2.6తోని సరిచేసిండ్రు. చాలామంది మనోళ్లు ‘మా అక్షరానికి ఎంత బలమో’ అని నవ్వుకున్నరు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే 2013లో, మళ్ల 2015లో అరబ్బీ అక్షరాలున్న కొన్ని మెసేజులకు ఐఫోన్లు ఇట్లనే కూలినయి. అంటే అక్షరం మీద అక్షరం కూసునే మన ఒత్తులు, చేతులు పట్టుకొని నడిచే వాళ్ల అక్షరాలు, రెండూ ఆ యంత్రానికి కొరుకుడు పడని జాతే. బాగ పరీక్షించని తొవ్వల్నే పడుతున్నయి.

కష్టం ఒక్కటైనట్టే, మందు కూడ ఒక్కటే. అక్షరాలను ఏ రూపంలో, ఏ వరుసలో అతికించాలో నిర్ణయించే హర్ఫ్‌బజ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉన్నది. హర్ఫ్ అంటే అక్షరం. ఉర్దూ వచ్చినోళ్లకు చెప్పే పని లేదు. ఆ పేరు ఫార్సీ మాటల నుంచి వచ్చింది. దాన్ని తీర్చిదిద్దిన ముఖ్యుడు ఇరాన్‌లో పుట్టిన బెహ్దాద్ ఎస్ఫాబోద్. ఇయ్యాల ఆండ్రాయిడ్ ఫోన్లల్ల, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో మీరు తెలుగు చదువుతున్నరంటే, ‘క్ష’లో ‘క’ కింద ‘ష’ వత్తు కుదురుగ కూసున్నదంటే, వెనుక ఆ హర్ఫ్‌బజే ఉన్నది. ఫార్సీ మాట్లాడే మనిషి చేతి నుంచి ఎదిగిన పనిముట్టు మన గుణింతాలను మోస్తున్నది. ఒకరి భాష కోసం తొవ్వ సాఫు చేస్తే ఆ తొవ్వ మీద ఇంకో పది భాషలు నడుస్తయి అనేదానికి ఇంతకంటె రుజువు ఏం కావాలె?

ఇంకొక్క ముచ్చట. పశ్చిమ ఆఫ్రికాలో గినీ అనే దేశం. అక్కడ 1989లో ఇబ్రహీమా బారీ, అబ్దులాయే బారీ అనే అన్నదమ్ములు తమ ఫులానీ భాషకు సొంత లిపి లేదని బాధపడ్డరు. ఒకరికి పద్నాలుగేండ్లు, ఒకరికి పదేండ్లు. గదిలో కూసొని గీతలు గీసి ఒక లిపి తయారు చేసిండ్రు. అది కూడ కుడి నుంచి ఎడమకు నడిచే లిపే. పేరు అద్లామ్. చేతితోని పుస్తకాలు రాసి, చదువు చెప్పి, ఊరి నుంచి ఊరికి పంచిండ్రు. 2016లో యూనికోడ్ తొమ్మిదో రూపంలో అద్లామ్‌కు జాగ దొరికింది. తర్వాత ఫోన్లకు చేరింది. ఇద్దరు బడి పిల్లలు మొదలుపెట్టిన పని అది. ‘మనతోని ఏమైతది’ అనే మాట ఈ సభలో ఎవరి నోట్లనుంచి రావద్దు.

చెయ్యాల్సిన పని

మాటలు చాలు, పని ముచ్చట చెప్త.

2016లో మన దేశంలో ఫోన్ల కోసం ఒక ప్రమాణం వచ్చింది. అమ్మే ప్రతి ఫోను రాజ్యాంగం గుర్తించిన 22 భాషల అక్షరాలను చూపెట్టాలె, ఇంగ్లీషు, హిందీతో పాటు ఇంకో భాషలో టైపు చేసుకునే వీలుండాలె అని. ఆ 22లో ఉర్దూ ఉన్నది, కశ్మీరీ ఉన్నది, సింధీ ఉన్నది. మంచిదే. కాని అక్షరం కనపడుడు వేరు, ఆ భాషలో పని జరుగుడు వేరు. నేనొక దఫ్తరు ఫోను కార్యక్రమాన్ని తెరిచి చూసిన, పేరు చెప్ప. భాషల వరుసలో ఉర్దూ ఉన్నది. నొక్కితే పై శీర్షిక ఒక్కటి ఉర్దూలోకి మారింది. కింద దర్ఖాస్తు అంతా ఇంగ్లీషే. బాణాలు ఎడమకే. ఉర్దూలో పేరు కొట్టి, పక్కన ఇంటి నంబరు కొడితే అంకెలు పోయి ఇంకో దిక్కు పడ్డయి. ఆ నంబరు తప్పుపడితే రేపు కాయితం ఎవరి ఇంటికి పోతది?

విద్యార్థి మిత్రులారా, మీ దగ్గరున్న ఆండ్రాయిడ్ ఫోన్లల్ల డెవలపర్ల సెట్టింగులు అని ఉంటయి. అందులో తెరను బలవంతంగ కుడి నుంచి మొదలుపెట్టించే మీట ఉంటది. అరబ్బీ రాకున్నా సరే, ఆ మీట నొక్కి మీరు తయారు చేసే ప్రతి పనిని ఒక్కసారి చూడండి. ఎక్కడ ‘ఎడమ’ అని రాసిండ్రో అక్కడల్లా అది విరుగుతది. అక్కడ ‘మొదలు’ అని రాయండి. మీ ప్రాజెక్టుకు ఒక గంట పని. ఉద్యోగానికి పోయినంక వేరే దేశపోళ్లకు చేసేటప్పుడు ఇది ఎట్లాగూ నేర్చుకోక తప్పదు. ముందు పక్కింటోని కోసం నేర్చుకోండి.

ఉద్యోగ మిత్రులారా, మీకు మూడు మాటలు. ఒకటి, ఉర్దూ ప్రకటనను బొమ్మగ పెట్టకండి, అక్షరాలుగ పెట్టండి. అప్పుడే వెతికితే దొరుకుతది, చూపు లేనోనికి వినపడుతది. రెండు, కొత్త కార్యక్రమం దఫ్తరుకు వచ్చినప్పుడు తీసుకునే ముందు ఉర్దూ తెలిసిన మామూలు మనిషి చేత ఒక దర్ఖాస్తు మొదలు నుంచి చివరిదాక నింపించి చూడండి. పేరు, నంబరు, తారీఖు కలిపి కొట్టించి చూడండి. మూడు, తప్పు కనపడితే కాయితం మీద రాసి పంపండి. నోటితో చెప్పిన మాట గాలికి పోతది.

ఇక గల్ఫుకు పోయే మా అన్నదమ్ముల కుటుంబాలకు ఒక మాట. ఫోనులో అరబ్బీ కీబోర్డు, అరబ్బీ అక్షరాలు సరిగ్గ వస్తున్నయా అని ఇక్కడే చూసుకొని పోండి. అరబ్బీ మెసేజ్‌లో వచ్చిన నంబరును చూసి చేత్తో కొట్టకండి, దాని మీదనే నొక్కండి. ఒప్పంద కాయితం మీద ఉన్న అంకెలను రెండు భాషలల్ల సరిచూసుకోండి.

మా బావ ఇప్పుడు ఊళ్లెనే ఉన్నడు. ఇప్పటి ఫోన్లల్ల అరబ్బీ సాఫుగ వస్తది. మొన్న నాకు చూపించి, “అప్పుడే గిట్ల ఉంటే గా రెండు రోజులు నిద్ర లేకుంట ఉండేటోన్ని కాదు తమ్మీ” అన్నడు. ఆయన నిద్ర పోగొట్టింది ఏ దుర్మార్గుడో కాదు, ‘అందరూ నా లెక్కనే రాస్తరు’ అనుకున్న ఒక అలవాటు. మన భాషను, మన యాసను ఎవరన్న లెక్కలోకి తీసుకోకుంటే మనకు ఎంత మండుతదో మనకు తెలుసు. ఆ మంట తెలిసినోళ్లం, పక్కనోని రాతను మనం మరిచిపోతే ఇగ ఆ మంటకు అర్థం లేదు.

కుడి నుంచి రాసే చెయ్యి కూడ ఈ నేల చెయ్యే. దానికి ఫోనులో జాగ అడుగుదాం. మన చేతిలో ఉన్న కాడ మనమే ఇద్దాం.